నాన్న గురించి ఎవరిని అడగాలి

లాలాపేట్‌లో ఎవరింట్లోనైనా మనిషి పోతే నాలాంటి ముసలివాళ్లకు కబురొస్తుంది. పదో రోజు చేయాలా పదకొండో రోజా, బొక్కలు బాసరలో కలపాలా ధర్మపురిలోనా, ఏ చుట్టానికి ఫోను చేయడం మరిచారు, ఇవన్నీ చెప్పడానికి. ఈ లెక్కలు నాకు బాగానే వచ్చు. ఆ ఇంట్లో మూలకు కూర్చున్న పిల్లలతో ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ అడగరు. అడక్కపోయినా చెప్పాలనిపించి రాస్తున్నాను. ఇందులో నా అర్హతలు రెండు. డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా మా నాన్న పోయాడు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ తర్వాత నా ఉద్యోగమంతా ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీలో గడిచింది. తల్లో తండ్రో పోయి, దినాలు చేసుకుని ఊరి నుంచి హాస్టలుకు తిరిగొచ్చిన పిల్లలు క్లాసుకు పోబుద్ధి కాక వచ్చి కూర్చునేది అక్కడే.

1. చనిపోయాడని చెప్పండి

మా పేటలో పిల్లలకు చెప్పే అబద్ధం ఒకటుంది. ఇక్కడ చాలా ఇళ్లలో రైల్వే డ్యూటీలు. గార్డుల పిల్లలకూ డ్రైవర్ల పిల్లలకూ నాన్న రెండ్రోజులు కనబడకపోవడం అలవాటే. 'డ్యూటీకి పోయిండు బిడ్డా, వస్తడు' అంటే నమ్ముతారు. నమ్మి గేటు దగ్గర కూర్చుంటారు. చెప్పిన పెద్దమనిషి సాయంత్రం బస్సెక్కి తన ఊరికి వెళ్లిపోతాడు, ఆ గేటు దగ్గరి నుంచి పిల్లను లేపాల్సింది తల్లి.

హంగేరీ మనస్తత్వవేత్త మరియా నాగీ 1948లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది. అయిదేళ్ల లోపు పిల్లలు చావును ప్రయాణం లాగో నిద్ర లాగో అనుకుంటారనీ, మళ్లీ తిరిగి రావచ్చనుకుంటారనీ, అందరూ పోయేవాళ్లే అన్న సంగతి తొమ్మిది పదేళ్లకు గానీ స్థిరపడదనీ ఆమె చూసింది. అంటే ప్రయాణమనీ నిద్ర అనీ మనం చెప్పే మాట, పిల్లలు ముందే పడివున్న పొరపాటులోకి వాళ్లను ఇంకొంచెం తోస్తుంది. నిద్రపోయాడని చెప్తే రాత్రి పడుకోవడానికే భయపడిన పిల్లాణ్ని నేను చూశాను. 'నాన్న చనిపోయాడు. ఆయన ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. ఇక రాడు.' ఇంతే. మర్నాడు మళ్లీ అడుగుతాడు. మళ్లీ ఇవే మాటలు. విసుక్కోకూడదు, మాట మార్చకూడదు.

2. కాకి సంగతి

పిండం పెట్టి, పోయినాయనకు ఇష్టమైన కూరలన్నీ విస్తట్లో వడ్డించి, అందరం దూరంగా నిలబడతాం. పిట్ట ముట్టాలి. పట్నంలో కాకులు తగ్గాయి, అది వాటి తప్పూ కాదు, పోయినాయన తప్పూ కాదు. అయినా అరగంటయ్యేసరికి ఎవరో ఒకరు అంటారు, 'ఏదో కోరిక మిగిలిపోయింది, ఎవరి మీదో మనసు పెట్టుకున్నడు' అని. పెద్దవాళ్లం ఆ మాట అనేసి, మొక్కేసి, కాకి వచ్చాక భోజనాలకు కూర్చుంటాం. పక్కన నిలబడిన పన్నెండేళ్ల పిల్లాడు దాన్ని ఇంటికి మోసుకుపోతాడు. నాన్నతో పోట్లాడిన రోజు గుర్తొస్తుంది. ఫీజు డబ్బులతో సినిమాకు పోయిన రోజు గుర్తొస్తుంది. నా వల్లే కాకి రాలేదు అనుకుంటాడు, ఆ వెనకే నా వల్లే నాన్న పోయాడు అనుకుంటాడు.

పిల్లలు లోపల్లోపల విచారణ జరిపి తమకే శిక్ష వేసుకుంటారు. అడగరు కూడా, అడిగితే నేరం రుజువైపోతుందని. కాబట్టి వాళ్లు అడగకముందే చెప్పాలి: జబ్బు వల్ల పోయాడు, గుండెపోటు వల్ల పోయాడు, నువ్వన్న మాట వల్ల ఎవరూ చావరు. ఆచారం మానమని నేను చెప్పను. నాకు ఆ విస్తరి అంటే ఇష్టం కూడా. ఒక మనిషికి ఏ కూర ఇష్టమో ఊరంతటి ముందూ వడ్డించి చూపించే సందర్భం మనకు ఇంకోటి లేదు. ఆ వ్యాఖ్యానాలు మాత్రం పిల్లలకు వినబడేట్టు చేయకండి.

3. వస్తావా అని అడగండి

మా కాలంలో ఆడపిల్లను శ్మశానానికి రానివ్వలేదు. అన్న కుండ పట్టుకుని ముందు నడిచాడు, నేను గడప దగ్గర ఆగాను, డప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది. ఇప్పుడు కూతుళ్లే కొరివి పెడుతున్నారు, మంచిది. అయితే రాననే పిల్లలూ ఉంటారు. అక్కడ ఏం చూస్తారో ముందే చెప్పి, వస్తావా అని అడిగి, ఏమన్నా సరేననండి.

4. జవాబు చెప్పే తొందర

'ఎందుకిట్లా అయింది?' అని పిల్లలు అడిగితే మనకు కాళ్లూ చేతులూ ఆడవు. ఖర్మ అంటాం, దేవుడికి మంచివాళ్లే కావాలి అంటాం, నువ్వే ఇప్పుడు ఇంటికి పెద్ద అంటాం. ఈ మూడోది అన్నిటికన్నా చెడ్డది. పద్నాలుగేళ్ల పిల్లాడికి తండ్రి పోయిన రోజే బాల్యం కూడా తీసేసుకుంటామా?

భరోసా ఇవ్వడంలో ఉన్న ప్రమాదానికి నేను చెప్పే కథ తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిది. 1895లో మదనపల్లెలో పుట్టాడు. పదేళ్లప్పుడు, 1905 డిసెంబరులో తల్లి సంజీవమ్మ పోయింది. పద్దెనిమిదేళ్ల వయసులో రాసుకున్న జ్ఞాపకాల్లో, పోయాక కూడా అమ్మ తరచూ కనబడేదనీ, ఒకసారి మెట్లెక్కుతున్న ఆమె వెనకే తానూ వెళ్లాననీ రాశాడు. దివ్యదృష్టి అని, అతణ్ని చేరదీసిన థియోసాఫికల్ సొసైటీ పెద్దలు అనుకుని ఉండవచ్చు. నాకైతే తల్లి లేని పిల్లాడు కనిపిస్తాడు. తర్వాత తమ్ముడు నిత్యానంద క్షయతో ఉండగా, ఆ సొసైటీ నమ్మే మహాత్ములైన గురువులు అతణ్ని పోనివ్వరనే నమ్మకంతో కృష్ణమూర్తి ఓడెక్కాడు. ఓడ దారిలో ఉండగానే, 1925 నవంబరులో, నిత్యానంద పోయాడన్న వార్త వచ్చింది. నాలుగేళ్లకు, 1929 ఆగస్టులో, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి కట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్‌ను తన నోటితోనే రద్దు చేశాడు. ఈ రెంటికీ మధ్య సూటిగా గీత గీయడం చరిత్రకారుల పని. నాకర్థమైనంత వరకు, పెద్దలు పూచీపడ్డ మాట తప్పినప్పుడు పిల్లలు ఆ ఒక్క మాటనే వదిలిపెట్టరు, పెద్దలు చెప్పిన ప్రతిదాన్నీ తిరిగి తూకం వేస్తారు.

అమ్మ కనబడిందనీ, రాత్రి స్కూటరు చప్పుడు వినబడిందనీ పిల్లలు చెప్తే భయపడాల్సిన పనిలేదు. పోయినవాళ్లతో బంధం తెంచుకుంటేనే దుఃఖం తీరుతుందన్న పాత లెక్కను 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ కలిసి తెచ్చిన పుస్తకం పక్కన పెట్టింది. బంధం పోదు, రూపం మారుతుంది అన్నారు వాళ్లు. పెత్తరమాసకు పోయిన పెద్దల పేరున బియ్యమిచ్చే మన నాయనమ్మలకు ఇది కొత్త సంగతేం కాదు.

ఇంకో మాట. దుఃఖానికి అయిదు మెట్లుంటాయని ఈ మధ్య పిల్లలు ఫోన్లో చూసి వస్తున్నారు. నేను ఇంకా రెండో మెట్టు మీదే ఉన్నాను అమ్మమ్మా, నాలో ఏదో లోపముంది అన్నాడొకడు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో ఆ అయిదింటినీ రాసింది చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి. తండ్రి పోయిన కొడుకు ఎక్కాల్సిన మెట్లుగా కాదు. పరీక్షలు రాసి రాసి మన పిల్లలకు ఏడుపులో కూడా పాసు మార్కులు కావాలి.

5. పుస్తకాల్లో వెతికేవాళ్లు

లైబ్రరీలో ఒక అమ్మాయి నాకు బాగా గుర్తు. చదివేది చరిత్ర. రోజూ వచ్చి అడిగేది కాలేయం జబ్బుల పుస్తకాలు. తల్లి పచ్చకామెర్లతో పోయింది, మొదట పసరు మందు వేయించారు, వారం ముందు పట్నం తెస్తే బతికేదా అన్నది ఆ పిల్ల ప్రశ్న. తోటి ఉద్యోగులు, దీన్ని మాన్పించు, పిచ్చెక్కుతుంది అన్నారు. మాన్పించలేదు. అడిగిన పుస్తకమల్లా తీసిచ్చాను. కొన్నాళ్లకు తనే ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన ఓపికగా కూర్చుని, తెలిసింది తెలుసు, తెలియంది తెలియదు అని ఒక్కొక్కటీ చెప్పాడట. ఆ తర్వాత చరిత్ర పుస్తకాలు అడగడం మొదలుపెట్టింది. డాక్టరు చెప్పిన జవాబు ఆమెకు పూర్తిగా అనుకూలంగా లేదు. అయినా అది జవాబు, ఊహ కాదు.

జబ్బులో జవాబు వెతికినవాళ్ల కథ ఇంకొకటుంది. మా పేటకు కూతవేటు దూరంలో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. ఆ గేటు ముందు నుంచి పోతుంటే నాకు శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తాడు. ఆయన ఆ సంస్థలో ఎన్నడూ పనిచేయలేదు, నా మనసు అట్లా ముడివేసుకుంది. 1895లో భీమవరంలో పుట్టాడు, చదువుకునే రోజుల్లోనే తండ్రి పోయాడు, తర్వాత ఇద్దరు సోదరులు రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించాడు. స్ప్రూకు అది మందు. గర్భిణులకు ఇప్పుడు ఇస్తున్న మాత్రల్లోనూ అదే ఉంది.

గొప్ప కథ. తండ్రి పోయిన పిల్లలకు మాత్రం ఈ కథ చెప్పకండి, కనీసం మొదటి ఏడాది. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. వినేవాళ్లకు వినబడేది వేరు: నీ దుఃఖంతో లోకానికి ఏదో ఒకటి చేసి చూపించు, లేకపోతే ఆ చావు వృథా అని. బీకాం రెండో ఏడాది బ్యాక్‌లాగులతో ఉన్న పిల్లాడి మీద ఎంత బరువది! నాన్న చావుకు అర్థం కల్పించే బాధ్యత వాడిది ఎప్పుడైంది?

మనం పెద్దయ్యాక తండ్రి పోతే తేలిగ్గా ఉంటుందనీ అనుకోవద్దు. ఫ్రాయిడ్ తండ్రి 1896లో పోయినప్పుడు ఆయనకు నలభై ఏళ్లు, పేరున్న డాక్టరు. కలల మీద రాసిన తన పెద్ద పుస్తకం తండ్రి చావు తనలో రేపినదానికి స్పందనే అని, రాయడం పూర్తయ్యాక గానీ ఆయనకే తెలిసిరాలేదు. 1908లో రెండో ముద్రణ ముందుమాటలో ఆ సంగతి ఒప్పుకున్నాడు.

6. కాగితాలు, ఉద్యోగం, ఆ తర్వాత

ఏడుపు ఆగకముందే కాగితాలు మొదలవుతాయి. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. తహశీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి, పింఛను కావాలి, పీఎఫ్ కావాలి. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగిన పిల్ల ఒక్కతే ఉంటే ఆ పిల్ల మీద పడుతుంది ఇదంతా. వెంట ఒక పెద్దమనిషి వెళ్లండి. మాట్లాడక్కర్లేదు, క్యూలో నిలబడితే చాలు.

రైల్వేలోనూ ఆర్టీసీలోనూ కారుణ్య నియామకం ఉంటుంది. లాలాపేట్, లాలాగూడ, మెట్టుగూడ వైపు ఎంతోమంది జీవితాలు దానిమీద నిలబడ్డాయి. పిల్లలు మైనర్లయితే మేజరయ్యే దాకా ఆగి అడిగే వీలు కూడా ఉంది. మా అన్నకు కారుణ్య నియామకం కిందే ఉద్యోగమొచ్చింది, నాన్న పనిచేసిన వర్క్‌షాపులోనే. 1893లో నిజాం రైల్వే నాడు పెట్టిన వర్క్‌షాపు అది. మా ఇంట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం. అన్న మొదటి జీతం తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, మిఠాయి తెస్తానంటే వద్దన్నాడు. నాన్న చచ్చిపోతే వచ్చిన డబ్బుతో మిఠాయి ఏంటన్నాడు. ఈ మాట అనని కారుణ్య ఉద్యోగిని నేను ఇంతవరకు చూడలేదు. కొందరు పైకి అనరు, అంతే.

అన్నను ఆ మాట నుంచి బయటికి తెచ్చింది మేం కాదు. షాపులో నాన్న జతగాళ్లు. తెలుగువాళ్లు, ఉర్దూవాళ్లు, తమిళులు, ఒకరిద్దరు ఆంగ్లో ఇండియన్లు. మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పేవాళ్లు. ఇంట్లో నాన్న నోరు విప్పని మనిషి. పండగకు కూడా నవ్వడం చూడలేదు మేం. 'మీ నాయిన ఫోర్‌మన్ లెక్క నడిచి చూపిస్తుంటె మేం కడుపులు పట్టుకొని నవ్వెటోళ్లం' అని వాళ్లంటే అన్న మొదట నమ్మలేదట, వేరే మనిషి గురించి చెప్తున్నారనుకున్నాడట. ట్రేడ్ టెస్టు తప్పి, ఆ సంగతి ఇంట్లో దాచి, సైదులు అనే పేరుతో జతగాళ్లు ఏడిపిస్తే ఊరుకున్నాడని ఒకరు చెప్పారు. ఆ పేరెందుకో ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరికో పూచీకత్తు సంతకం పెట్టి జీతంలో కోత పడ్డాడని ఇంకొకరు. అమ్మకు అప్పుడర్థమైంది, ఒక దసరాకు మాకు కొత్తబట్టలు ఎందుకు రాలేదో. పదేళ్ల కోపం అమ్మది, కాసేపు తిట్టింది, నవ్వింది, మళ్లీ తిట్టింది.

అన్న రోజూ ఇంటికొచ్చి అవన్నీ మాకు చెప్పేవాడు. 'ఎందుకు పోయాడు' అని నేనూ అన్నా ఎన్నాళ్లు అడుక్కున్నా ఒక్క జవాబు రాలేదు. 'ఎట్లాంటివాడు' అని అడగడం మొదలుపెట్టాక జవాబులు ఆగలేదు. తర్వాత లైబ్రరీకి వచ్చిన పిల్లల్లోనూ నేను ఇదే చూశాను. అర్థం కావాలి అంటారు, గీత చదువుతారు, బైబిలు చదువుతారు, మార్క్స్‌నూ అడుగుతారు. కాసేపు కూర్చోబెట్టి కదిపితే, వాళ్లు వెతుకుతున్నది తమకు సగమే తెలిసిన ఒక మనిషిని. పదిహేనేళ్ల పిల్లకు తండ్రి అంటే ఫీజు కట్టేవాడు, ఆలస్యమైతే అరిచేవాడు. ఆయన ఇరవై ఏళ్లప్పుడు ఎవరో ఆ పిల్లకు ఎవరు చెప్పాలి?

7. పండగ లేని ఏడాది

మైల ఇంట్లో ఏడాది పండగ చేయం. పెద్దవాళ్లకు అది ఊరట, నవ్వక్కర్లేదు కాబట్టి. పిల్లలకు అది రెండో శిక్ష. తండ్రి పోయిన ఏడాది వీధంతా బతుకమ్మ ఆడుతుంటే కిటికీ వెనక కూర్చున్న చిన్నపిల్లలను ఆడుకోనివ్వండి. మన ఆచారంలోనే దీనికి సందుంది. భాద్రపద అమావాస్య పొద్దున పెద్దల పేరున బియ్యమిస్తాం, పెత్తరమాస. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఏ పెద్దలు పెట్టారో గానీ, పోయినవాళ్లకూ పూలకూ ఒక్కరోజే పెట్టారు.

మా వీధిలో ముస్లింలు మూడో రోజు జియారత్ చేస్తారు, నలభయ్యో రోజు చెహలుం. క్రైస్తవులు ఆదరణ కూడిక పెడతారు. కేథలిక్కులు నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. పిల్లలను పక్కింటివాళ్లవి కూడా చూడనివ్వండి. తమ ఇంటికి మాత్రమే ఇట్లా జరగలేదని అప్పుడు తెలుస్తుంది.

తద్దినం తిథి ప్రకారం వస్తుంది. పిల్లలు మాత్రం తేదీనే గుర్తుపెట్టుకుంటారు. ఆ తేదీన ఊరికే అలుగుతారు, అన్నం వద్దంటారు, మనకు కారణం తట్టదు. క్యాలెండరులో రెంటికీ సున్నా చుట్టండి.

8. ఇది మాత్రం ఆలస్యం చేయకండి

నాన్న దగ్గరికి పోతాను అని పిల్లలు అంటే, నెలల తరబడి నిద్ర లేకపోతే, నచ్చిన వస్తువులన్నీ పంచిపెట్టేస్తుంటే, తావీజులతో కాలం గడపకండి. 14416కు ఫోను చేయండి. అది 2022లో మొదలైన టెలీ మానస్ అనే సర్కారు హెల్ప్‌లైన్, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

9. మంచివాడు కాని తండ్రి

పోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదంటాం. తాగొచ్చి కొట్టిన తండ్రి పోతే ఆ పిల్లలు ఏం చేయాలి? దినాల్లో అందరూ దేవుడిలాంటివాడు అంటుంటే, తమకు గుర్తున్న మనిషి ఎవరని వాళ్లకు అనుమానమొస్తుంది. ఒక కుర్రవాడు నాతో, నాకు ఏడుపు రావట్లేదు, ఊపిరాడినట్టుంది, నేను రాక్షసుణ్నా అన్నాడు. కాదన్నాను. ఊపిరాడటం కూడా నిజమే, తర్వాతెప్పుడో ఏడుపొస్తే అదీ నిజమే అన్నాను. అతను మా పేటలో తండ్రితో కలిసి పనిచేసిన ఒక ముసలాయనను వెతికి పట్టుకున్నాడు. తెలిసింది అంత తీపిగా లేదు. తండ్రిని వాళ్ల నాన్న కూడా అట్లాగే కొట్టేవాడట, తండ్రి తన వీపు మీద మచ్చ ఆ ముసలాయనకు చూపించేవాడట. కొట్టినందుకు అది సమాధానం కాదని ఆ కుర్రవాడే నాతో అన్నాడు. అయినా వెళ్లినందుకు బాధపడలేదు.

10. వాళ్లూ ముసలివాళ్లవుతున్నారు

నాన్న గురించి చెప్పగలిగినవాళ్లు మీ ఇంటి గోడల అవతల ఉంటారు. పక్క కుర్చీలో పనిచేసినవాళ్లు, ఒకే గదిలో అద్దెకున్నవాళ్లు, అప్పిచ్చినవాళ్లు, అప్పు తీసుకున్నవాళ్లు, అమ్మకు తెలియని ఊళ్లో ఆయనతో చదివినవాళ్లు. యూనివర్సిటీలో చదివిన తండ్రి అయితే హాస్టల్ జతగాళ్లు ఎక్కడో ఉంటారు. విజయా డెయిరీలోనో ఆర్టీసీలోనో చేసినవాడైతే రిటైరైనవాళ్లు పొద్దున్నే టీ బండి దగ్గర దొరుకుతారు. వాళ్లను చావు గురించి అడగకండి, ఏడుస్తారు, మాట సాగదు. మొదటిసారి ఎక్కడ కలిశారు, దేనికి పోట్లాడుకున్నారు, నాన్న ఏ పాట పాడేవాడు, దేనికి భయపడేవాడు అని అడగండి. ఫోన్లో రికార్డు చేసుకోండి, ముందు అడిగి. రెండోసారి వెళ్లినప్పుడు అదే కథ వేరేగా చెప్తారు, అదీ రాసుకోండి. కొందరు అబద్ధాలు కూడా చెప్తారు, తర్వాత తేల్చుకోవచ్చు.

మా నాన్న జతగాళ్లలో ఇప్పుడు ఒక్కరే మిగిలారు, మౌలాలిలో కొడుకు దగ్గర ఉంటారు. ఆ సైదులు సంగతి ఆయన్ని ఇంకా అడగలేదు. చెవులు సరిగ్గా వినబడవు, పొద్దున పూటైతే మాట్లాడతారని కోడలు చెప్పింది. ఈ ఆదివారం అన్నా నేనూ వెళ్తున్నాం.